బేలా బారెన్యి: కారు ముందు భాగం నలిగి తీరాలన్న ఇంజనీర్

యాక్సిడెంట్ అయిన కొత్త కారు ఫోటో చూడగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే, ఈ కాలం కార్లన్నీ రేకు డబ్బాలండీ, పాత కార్లయితే ఇనుప దిమ్మల్లా ఉండేవి, గోడని గుద్దినా గోడే పోయేది కానీ కారుకి గీత పడేది కాదు అని. బానెట్ మొత్తం ముద్దయిపోయి, బంపర్ ఊడి పక్కన పడి, హెడ్‌లైట్లు పిండి పిండి అయ్యుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ అదే ఫోటోని ఇంకొంచెం వెనక్కి, అంటే ముందు అద్దం పక్కనున్న పిల్లర్ దగ్గర్నుంచి చూస్తే డోర్ లైన్ వంకర పోకుండా ఉంటుంది, చాలా సార్లు డోర్ మామూలుగానే తెరుచుకుంటుంది కూడా. ముందు అంత ఘోరంగా నలగడం, వెనకాల అంత చక్కగా నిలబడటం, ఈ రెండూ విడివిడిగా జరిగినవి కావు, ఒకదాని వల్ల ఇంకోటి జరిగింది, అలా జరగాలనే డిజైన్ చేశారు.

ఇలా డిజైన్ చెయ్యాలని పేటెంట్ కాగితం మీద స్పష్టంగా రాసినాయన పేరు బేలా బారెన్యి. బెంజ్, ఫోర్డ్, పోర్షే లాంటి పేర్లు కార్ల మీద రాసుంటాయి కాబట్టి అందరికీ తెలుసు, ఈయన పేరు మీద కారు లేదు, కంపెనీ లేదు, ఇంజిన్ లేదు. కానీ ఇవాళ రోడ్డు మీద తిరిగే మామూలు కారు ఏది తీసుకున్నా దాని బాడీ లోపల ఈయన ఆలోచన ఉంటుంది.

ఆ ఆలోచన ఎంత వింతగా వినిపించి ఉంటుందో అర్థం కావాలంటే అంతకు ముందు అందరూ ఏమనుకునేవాళ్ళో చూడాలి. 1930ల్లో, 40ల్లో సేఫ్ కారు అంటే గట్టి కారు, అంతే, ఇంకో ప్రశ్నే లేదు. 1934లో క్రైస్లర్ వాళ్ళు ఎయిర్‌ఫ్లో అనే కొత్త మోడల్‌ని కొండ అంచు నుంచి కిందికి తోసేసి, అది పల్టీలు కొట్టి కింద పడ్డాక కూడా నడుచుకుంటూ వెళ్ళిపోయిందని సినిమా తీసి మరీ పబ్లిసిటీ చేసుకున్నారు. చూసిన జనం కారు బతికింది కదా అని చప్పట్లు కొట్టారు. అది దొర్లుతున్నప్పుడు లోపల మనిషి లేడు, ఉంటే ఆయన పరిస్థితి ఏంటి అనే ప్రశ్న ఆ సినిమాలో రాదు. ఆ రోజుల్లో యాక్సిడెంట్ అంటే డ్రైవర్ తప్పు, లేకపోతే రోడ్డు తప్పు, కారు తప్పు మాత్రం కాదు. స్టీరింగ్ రాడ్ నేరుగా ముందున్న స్టీరింగ్ గేర్ బాక్స్ దగ్గర్నుంచి డ్రైవర్ ఛాతీ దాకా ఒకే కడ్డీలా ఉండేది, డ్యాష్‌బోర్డు అచ్చంగా ఇనుము, దాని మీద పొడుచుకొచ్చిన నాబ్‌లు, సీట్ బెల్ట్ అనే మాటే లేదు. కారుకి పెద్దగా ఏమీ కాలేదు కానీ మనిషి పోయాడు అనే వార్త ఆ రోజుల్లో ఎవరికీ వింత కాదు.

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి, పెద్ద లెక్కేం కాదు. గంటకి 50 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. ఆ స్పీడ్‌లో గోడని గుద్దితే కారు ఎలాగూ ఆగిపోతుంది, అందులో మనం చెయ్యగలిగింది ఏమీ లేదు, కదులుతున్న వస్తువులో ఉన్న శక్తి ఎక్కడో ఒక చోట ఖర్చవ్వాల్సిందే. మన చేతిలో ఉన్నది ఒక్కటే, ఎంత దూరంలో ఆగుతుంది అన్నది. కారు పూర్తిగా గట్టిగా ఉండి ముందు భాగం కేవలం 10 సెంటీమీటర్లే లోపలికి పోయిందనుకుందాం, అప్పుడు వేగం సున్నాకి రావడానికి పట్టే టైమ్ సెకనులో దాదాపు 70వ వంతు, భూమి ఆకర్షణకి సగటున 98 రెట్లు, అంటే 98 జీ తగులుతుంది. అదే ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగిందనుకోండి, లోపలున్న క్యాబిన్‌కి తగిలేది 16 జీ చుట్టుపక్కల. గోడ అదే, స్పీడ్ అదే, కారు బరువు అదే, మారిందల్లా 50 సెంటీమీటర్ల రేకు. 70 కిలోల మనిషి మీద పడే బలం మొదటి కేసులో దాదాపు 7 టన్నుల బరువు మోసినంత, రెండో కేసులో 1 టన్ను పైచిలుకు. రెండోది కూడా తక్కువేం కాదు, కానీ బెల్ట్ పెట్టుకున్న మనిషి తట్టుకునే స్థాయిలో ఉంటుంది. 1954లో అమెరికా ఎయిర్ ఫోర్స్ డాక్టర్ జాన్ స్టాప్ రాకెట్ బండి మీద కట్టేసుకుని కూర్చుని 46 జీ దాకా తట్టుకుని బతికాడు, కళ్ళలో రక్తం దిగింది కానీ బతికాడు. అంటే మనిషి శరీరం అనుకున్నంత సున్నితం కాదు, సరిగ్గా పట్టి ఉంచితే, ఆగడానికి కాస్త చోటిస్తే చాలా తట్టుకుంటుంది.

ఇంకో విషయం, యాక్సిడెంట్‌లో గుద్దుకోవడం ఒక్కసారి జరగదు, మూడు సార్లు జరుగుతుంది. మొదట కారు గోడని గుద్దుతుంది, తర్వాత కారు ఆగినా ఆగని మనిషి స్టీరింగ్‌నో అద్దాన్నో గుద్దుతాడు, ఆ తర్వాత మనిషి ఆగినా ఆగని మెదడు పుర్రెని, గుండె పక్కటెముకల్ని గుద్దుతాయి. బయట దెబ్బ కనపడకుండా పోయిన చాలామంది ఈ మూడో గుద్దుతోనే పోతారు. కారుని గట్టిగా చేసేకొద్దీ మొదటి గుద్దుని కారు బాగానే తట్టుకుంటుంది, మిగతా రెండూ మాత్రం మరింత దారుణంగా తయారవుతాయి.

ఇదంతా ఇప్పుడు టెక్స్ట్‌బుక్ లెక్క. దీన్ని కారు బాడీ డిజైన్‌గా మార్చిన బారెన్యి 1907 మార్చి 1న ఆస్ట్రియాలో, వియన్నాకి దగ్గర్లో ఉన్న హిర్టెన్‌బెర్గ్ అనే ఊళ్ళో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం, పేరులో కనపడే హంగరీ వాసన తండ్రి వైపు నుంచి వచ్చింది. తల్లి వైపు వాళ్ళు బాగా డబ్బున్న ఫ్యాక్టరీల కుటుంబం, కార్లు రోడ్డు మీద వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్న రోజుల్లోనే ఇంట్లో ఆస్ట్రో-డైమ్లర్ కారు ఉండేది, పిల్లాడికి కార్ల పిచ్చి అక్కడ పట్టుకుంది. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో తండ్రి పోయాడు, యుద్ధం తర్వాత సామ్రాజ్యంతో పాటు ఆస్తీ కరిగిపోయింది, ఫీజులు కట్టలేక స్కూల్ మధ్యలో ఆపాల్సిన పరిస్థితి వచ్చింది. చివరికి వియన్నాలో టెక్నికల్ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు.

చదువుకుంటున్నప్పుడే, 1925 ప్రాంతంలో, జనానికి అందుబాటులో ఉండే చిన్న కారు ఎలా ఉండాలో బొమ్మలు గీశాడు, మధ్యలో వెన్నెముకలాంటి ఫ్రేమ్, వెనక యాక్సిల్ దగ్గర గాలితో చల్లబడే బాక్సర్ ఇంజిన్ (సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉండే రకం), గుండ్రటి బాడీ. ఆ వర్ణన వింటే ఎవరికైనా ఫోక్స్‌వాగన్ బీటిల్ గుర్తొస్తుంది, ఇక్కడే గొడవ మొదలైంది. పేటెంట్లు పద్ధతిగా తీసుకుని నిలబెట్టుకోవడానికి ఆ కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు, తర్వాత కొన్నేళ్ళకి బీటిల్ వచ్చింది, పేరంతా ఫెర్డినాండ్ పోర్షేకి వెళ్ళింది. 1950ల్లో ఇది జర్మనీ కోర్టు దాకా వెళ్ళి, బీటిల్ మూల ఆలోచనలో బారెన్యికి పాత్ర ఉందని ఒప్పుకునే దాకా వచ్చింది. దీన్ని పట్టుకుని బీటిల్ మొత్తం ఈయనదే, పోర్షే దొంగిలించాడు అని కథలు రాసేవాళ్ళు ఉన్నారు, అది కూడా అతే. 1920ల్లో, 30ల్లో వెనక ఇంజిన్, ఎయిర్ కూలింగ్, వెన్నెముక ఫ్రేమ్ అనే ఐడియాలు మధ్య యూరప్‌లో చాలామంది బుర్రల్లో తిరుగుతున్నాయి, చెకోస్లోవేకియాలో టాట్రా కంపెనీ ఇంజనీర్ హాన్స్ లెడ్విన్కా వాటితో నిజంగా కార్లే తయారు చేశాడు, ఆ టాట్రా వాళ్ళకి కూడా ఫోక్స్‌వాగన్ 1960ల్లో పరిహారం కట్టాల్సొచ్చింది. బారెన్యి జీవితానికి సంబంధించినంత వరకు ఇందులో తేలింది ఏంటంటే ఐడియా ముందు రావడం ఒక ఎత్తు, దాన్ని కాపాడుకునే లీగల్ డిపార్ట్‌మెంటూ జీతమూ ఉండటం ఇంకో ఎత్తు. ఆ తర్వాత ఆయన కెరీర్ అంతా ఈ రెండో దాని చుట్టూనే తిరిగింది.

కాలేజీ అయ్యాక వచ్చింది మాంద్యం కాలం, స్టైర్, ఆడ్లర్ లాంటి కంపెనీల్లో డ్రాయింగ్ పనులు చేసుకుంటూ అటూ ఇటూ తిరిగాడు, కుదురుగా ఉద్యోగం దొరికింది తక్కువే. 1939లో జర్మనీలో మెర్సిడెస్ కార్లు తయారు చేసే డైమ్లర్-బెంజ్ కంపెనీ తలుపు తట్టాడు. మొదట అక్కడ కుదరదన్నారు. వదలకుండా విల్హెల్మ్ హాస్పెల్ అనే పెద్ద మేనేజర్‌ని కలిశాడు, ఈ హాస్పెల్ తర్వాత కంపెనీకే అధిపతి అయ్యాడు. మెర్సిడెస్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే కథ ప్రకారం మా కార్లలో ఏం మార్చాలంటావ్ అని హాస్పెల్ అడిగితే ఈయన సస్పెన్షన్, స్టీరింగ్, బాడీ, ఒకటని కాదు, దాదాపు అన్నిటికీ వంక పెట్టాడట. ఉద్యోగం కోసం వచ్చినవాడు ఇంటర్వ్యూలో అలా మాట్లాడితే మామూలుగా బయటికి పంపిస్తారు, హాస్పెల్ మాత్రం నువ్వు పదిహేను ఇరవై ఏళ్ళు ముందుకెళ్ళి ఆలోచిస్తున్నావ్, నిన్ను సిండెల్‌ఫింగెన్‌లో గాజు గుబ్బ కింద కూర్చోబెడతాం, నువ్వు కనిపెట్టింది కనిపెట్టినట్టు పేటెంట్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళిపోతుంది అన్నాడని చెప్తారు. కథకి ఎంత మెరుగులు దిద్దారో ఏమో గానీ జరిగింది మాత్రం దాదాపు అదే, సిండెల్‌ఫింగెన్ బాడీ ఫ్యాక్టరీలో ఈయనకి రోజువారీ ప్రొడక్షన్ గోల లేకుండా ముందు తరాల కార్ల గురించి ఆలోచించే పని అప్పగించారు.

ఆ టైమ్ ఎలాంటిదో కూడా మర్చిపోకూడదు, 1939 అంటే నాజీ జర్మనీ యుద్ధంలోకి దిగిన ఏడాది, డైమ్లర్-బెంజ్ సైన్యానికి ఇంజిన్లు, ట్రక్కులు తయారు చేస్తూ వేలమంది నిర్బంధ కార్మికులతో పని చేయించుకున్న కంపెనీ. సేఫ్టీ చరిత్ర చెప్పేటప్పుడు ఈ భాగాన్ని దాటేసి నేరుగా 1951 నాటి పేటెంట్‌కి గెంతడం అందరికీ అలవాటు.

యుద్ధం సమయంలో, ఆ తర్వాతా ఆయన గీసిన బొమ్మలు చూస్తే ఆలోచన మెల్లమెల్లగా ఎలా తయారైందో తెలుస్తుంది. మొదట ఫ్లోర్ మీద పడ్డాడు. అప్పటి కార్లలో నిచ్చెనలాంటి ఫ్రేమ్ కింద ఉండి బాడీ దాని మీద కూర్చునేది, పక్క నుంచి ఎవరైనా గుద్దితే ఆ ఫ్రేమ్ మనిషికి అడ్డం రాదు. దాని బదులు ఫ్లోర్‌నే పక్క అంచులతో సహా ఒక గట్టి ప్లాట్‌ఫామ్‌లా చెయ్యాలన్నాడు, ఊగడం, వణకడం తగ్గడంతో పాటు పక్క దెబ్బకి రక్షణ కూడా వస్తుంది. తర్వాత టెర్రాక్రూయిజర్ అని ఒక కాన్సెప్ట్ గీశాడు, అందులో కారుని మూడు గదుల్లా విడగొట్టాడు, మధ్యలో మనుషులుండే గది, ముందొకటి వెనకొకటి దానికి తగిలించిన గదులు. అది అచ్చంగా ఎప్పుడూ తయారవలేదు, చూడ్డానికి వింతగానే ఉంటుంది, కానీ కారు అంటే ఒక ముక్క కాదు, మూడు వేరు వేరు పనులున్న మూడు భాగాలు అనే విభజన అక్కడే మొదలైంది.

1951 జనవరి 23న దాఖలు చేసిన పేటెంట్‌లో ఈ విభజన పూర్తి రూపానికొచ్చింది, 1952 ఆగస్టులో 854157 నంబర్‌తో మంజూరైంది. సారాంశం చాలా సింపుల్, మనుషులుండే మధ్య భాగం అన్నిటికంటే గట్టిగా ఉండాలి, అక్కడి నుంచి ముందుకీ వెనక్కీ వెళ్ళేకొద్దీ గట్టిదనం తగ్గుతూ పోవాలి. అంటే గుద్దినప్పుడు చివర్లు ముందు లొంగాలి, మధ్య భాగం చివరిదాకా లొంగకూడదు. ఇందులో కొత్త మెటల్ లేదు, కొత్త మెషీన్ లేదు, ఉన్న స్టీల్‌నే ఎక్కడ ఎంత పెట్టాలి అన్న నిర్ణయం మాత్రమే ఉంది. అప్పటిదాకా ఇంజనీర్లు కారు మొత్తాన్ని కాపాడాలని చూశారు, ఈయన కారులో కొంత భాగాన్ని వదిలేసుకుందాం అన్నాడు. ఏ భాగాన్ని వదులుకోవాలో ముందే తేల్చి పెట్టుకోవడంలోనే అసలు తెలివి ఉంది, లేకపోతే ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ నలుగుతుంది, చాలా పాత కార్లలో ఆ బలహీనమైన చోటు డ్రైవర్ కూర్చున్న చోటే.

పేటెంట్ చేతికొచ్చినా రోడ్డు మీదికి రావడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది. 1953లో వచ్చిన పాంటన్ మోడల్ 180లో ప్లాట్‌ఫామ్ ఫ్లోర్ వచ్చింది కానీ నలిగే ముక్కు రాలేదు. 1959లో వచ్చిన డబ్ల్యూ111 సిరీస్, తోక దగ్గర చేప రెక్కల్లాంటి అంచులున్న 220 మోడళ్ళు, అవే ఈ సూత్రం మీద పూర్తిగా కట్టిన మొదటి ప్రొడక్షన్ కార్లు. గట్టి క్యాబిన్, లొంగే ముందూ వెనకా, స్టీరింగ్ మధ్యలో మెత్తటి ప్యాడ్, గుద్దినా డోర్ దానంతట అది తెరుచుకోకుండా, తర్వాత ఇరుక్కుపోకుండా ఉండే కొత్త రకం లాక్. ఈ లాక్ సంగతి చిన్నదిగా కనపడుతుంది గానీ ఆ రోజుల్లో డోర్ తెరుచుకుని బయటికి విసిరేయబడి పోయినవాళ్ళు చాలామంది.

అదే ఏడాది సెప్టెంబర్‌లో సిండెల్‌ఫింగెన్‌లో కంపెనీ మొదటిసారి కారుని కావాలని గోడకేసి గుద్ది పరీక్ష మొదలుపెట్టింది. ఇప్పటిలా హాల్, లైట్లు, సెన్సర్లు నిండిన డమ్మీలు ఏమీ లేవు, ఆరుబయట ఖాళీ స్థలం. కారుని కావాల్సిన స్పీడ్‌కి లాగడానికి మొదట గ్లైడర్ విమానాల్ని లాగే కేబుల్ యంత్రం వాడారు, తర్వాత వేడి నీళ్ళ రాకెట్ అని ఒకటి తయారు చేశారు, అంటే ట్యాంకులో నీళ్ళని బాగా మరిగించి ప్రెషర్‌లో ఉంచి ఒక్కసారిగా వెనక నుంచి వదిలితే ఆవిరి తోపుకి కారు ముందుకి దూసుకుపోతుంది. పాత ఫోటోల్లో కారు వెనక పెద్ద తెల్లటి ఆవిరి మేఘం కనపడేది దాని వల్లే. పల్టీ కొట్టించడానికి మెలి తిరిగిన ర్యాంప్ ఒకటి కట్టి దాని మీదికి తోలేవాళ్ళు. సరిగ్గా ఎక్కడ ఎంత రేకు పెడితే ఎలా మడత పడుతుందో లెక్క కట్టే కంప్యూటర్లు అప్పట్లో లేవు, మొత్తం కారు ఢీకొనడాన్ని కంప్యూటర్‌లో లెక్కించడం 1980ల మధ్యలో గానీ మొదలవలేదు, కాబట్టి గుద్దడం, చూడటం, మార్చడం, మళ్ళీ గుద్దడం తప్ప వేరే దారి లేదు.

ఇందులో ఇంజనీరింగ్ ఎక్కడుంది, మెత్తగా చేస్తే చాలు కదా అనిపించొచ్చు, కాదు. మరీ మెత్తగా ఉంటే ఉన్న చోటంతా మొదట్లోనే నలిగిపోయి, చివర్లో మిగిలిన స్పీడ్ అంతా ఒక్కసారిగా క్యాబిన్‌కి తగులుతుంది, మరీ గట్టిగా ఉంటే అసలు నలగనే నలగదు. అందుకే బానెట్ కింద రెండు పక్కలా ముందుకి వెళ్ళే పెట్టె ఆకారం స్టీల్ రైల్స్ ఉంటాయి, వాటి మీద కావాలనే చిన్న చిన్న నొక్కులు వేస్తారు, ఢీకొన్నప్పుడు మడత అక్కడే మొదలవ్వాలని. బాగా డిజైన్ చేసిన రైల్ హార్మోనియం తిత్తిలా ఒకదాని వెనక ఒకటి మడతలు పడుతూ వస్తుంది, సరిగ్గా చెయ్యనిది మధ్యలో కర్ర విరిగినట్టు ఒక్క చోట వంగిపోతుంది, అలా వంగిపోతే శక్తిలో చాలా భాగం ఖర్చవ్వకుండానే వెనక్కి వచ్చేస్తుంది. బంపర్ వెనక బోల్టులతో బిగించిన చిన్న క్రాష్ బాక్సులు తక్కువ స్పీడ్ దెబ్బల్ని తీసుకుంటాయి, అవి మార్చుకుంటే సరిపోతుంది. ఇంజిన్ అనేది నలగని ముద్ద, అది వెనక్కి క్యాబిన్‌లోకి రాకుండా కిందికి జారేలా మౌంటింగులు పెట్టడం ఇంకో తలనొప్పి.

గట్టి కారు, నలిగే కారు అన్న వాదనకి కంటికి కనపడే సమాధానం 2009లో వచ్చింది. అమెరికాలో రోడ్డు భద్రత మీద పని చేసే ఇన్సూరెన్స్ కంపెనీల సంస్థ ఐఐహెచ్ఎస్ తన యాభై ఏళ్ళ సందర్భంగా 1959 షెవర్లే బెల్ ఎయిర్‌ని, 2009 షెవర్లే మాలిబుని ఎదురెదురుగా గంటకి 64 కిలోమీటర్ల దగ్గర గుద్దించింది, నేరుగా కాకుండా డ్రైవర్ వైపు కొంత భాగం మాత్రమే తగిలేలా. బెల్ ఎయిర్ పొడవుగా, దిట్టంగా, పక్కా ఇనుప బండిలా ఉంటుంది, తెలియనివాళ్ళు పందెం కాస్తే దాని మీదే కాస్తారు. స్లో మోషన్‌లో చూస్తే దాని ముక్కు నలగడం కాదు, ముందు చక్రం, ఫ్రేమ్, డ్యాష్‌బోర్డు అన్నీ కలిసి డ్రైవర్ గదిలోకి నడుచుకుంటూ వస్తాయి, పిల్లర్ వెనక్కి మడతపడుతుంది, అద్దం ఊడిపోతుంది, స్టీరింగ్ పైకి వెనక్కి లేచి డమ్మీ మీదికి వస్తుంది. అందులో నిజంగా మనిషి ఉంటే అక్కడికక్కడే పోయేవాడని తేల్చారు. మాలిబు ముక్కు మొత్తం పోయింది, క్యాబిన్ మాత్రం ఆకారం పోలేదు, డ్రైవర్‌కి కాలి దగ్గర గాయాలతో బయటపడే అవకాశం ఉందన్నారు. ఈ తేడా అంతా బారెన్యి ఒక్కడి వల్ల కాదు, మాలిబులో ఎయిర్‌బ్యాగ్, సీట్ బెల్ట్, యాభై ఏళ్ళ స్టీల్ టెక్నాలజీ అన్నీ ఉన్నాయి. కానీ క్యాబిన్ నిలబడకపోతే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి చోటే ఉండదు, ఆ చోటు ఉండాలన్నది ఆయన పాయింట్. కాకతాళీయంగా ఆ బెల్ ఎయిర్, మొదటి నలిగే ముక్కు మెర్సిడెస్ రెండూ ఒకే ఏడాది కార్లు.

1959కి ఇంకో ప్రత్యేకత ఉంది, స్వీడన్‌లో నిల్స్ బోలిన్ తయారు చేసిన మూడు పాయింట్ల సీట్ బెల్ట్ వోల్వో కార్లలో ఆ ఏడాదే మొదలైంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎంత అవసరమో చాలామంది గమనించరు. పైన చెప్పిన 16 జీ లెక్క క్యాబిన్‌కి సంబంధించింది, క్యాబిన్‌తో పాటే మనిషి కూడా నెమ్మదిగా ఆగాలంటే మనిషి క్యాబిన్‌కి కట్టేసి ఉండాలి. బెల్ట్ లేకపోతే ముందు 60 సెంటీమీటర్లు ఎంత చక్కగా నలిగినా మనిషి పాత స్పీడ్‌తోనే వెళ్ళి ఆగిపోయిన డ్యాష్‌బోర్డుని గుద్దుతాడు, ఆ నలిగిన రేకు అంతా దండగ. ముందు సీటు వాళ్ళు బెల్ట్ పెట్టుకుని వెనక సీటు వాళ్ళు వదిలేస్తే కూడా ఇదే కథ, వెనక మనిషి ముందు సీటుని గుద్దుతాడు.

బారెన్యి మిగతా పనులన్నీ ఇదే ధోరణిలో ఉంటాయి. 1963లో వచ్చిన 230 ఎస్ఎల్ స్పోర్ట్స్ కారుని అందరూ పగోడా అంటారు, దాని హార్డ్‌టాప్ మధ్యలో పల్లంగా, పక్కలకి ఎత్తుగా ఉంటుంది. చూసినవాళ్ళు అది స్టైల్ అనుకుంటారు, ఆ పల్లం ఐడియా బారెన్యిది, అలా వంపు ఇస్తే పలచటి రూఫ్ గట్టిపడుతుంది, కిటికీలు పెద్దవి పెట్టుకోవచ్చు. స్టీరింగ్ విషయంలో ఇంకా మొండిగా పట్టుకున్నాడు, ఆ ఇనుప కడ్డీ డ్రైవర్ ఛాతీలోకి రావడమే ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ వేధించిన సమస్య అనిపిస్తుంది. నలిగే చోటుకి వెనకాల స్టీరింగ్ గేర్‌ని పెట్టి, మధ్యలో వంగిపోయే గొట్టం పెట్టి, దెబ్బ తగిలితే ముడుచుకునేలా చేసిన సేఫ్టీ స్టీరింగ్ పేటెంట్ 1963 నాటిది, అది పూర్తిగా ప్రొడక్షన్‌లోకి వచ్చింది 1976 డబ్ల్యూ123 మోడల్‌లో. అప్పటికి ఆయన రిటైరయి నాలుగేళ్ళయింది.

ఈ గ్యాపులు చూస్తుంటే ఒకటి అర్థమవుతుంది, 1951 నుంచి 1959, 1963 నుంచి 1976, ఇలాంటి మనిషి సొంతంగా కంపెనీ పెట్టుకునుంటే ఎప్పుడో దివాలా తీసేవాడు. సేఫ్టీకి కొనేవాళ్ళు లేరని ఆ రోజుల్లో ఇండస్ట్రీలో బలంగా నమ్మేవాళ్ళు, 1956లో ఫోర్డ్ సేఫ్టీ ప్యాకేజీ పెట్టి యాడ్స్ ఇచ్చి, అమ్మకాల్లో షెవర్లే ముందుంటే సేఫ్టీ అమ్ముడుపోదు అనే మాట అమెరికా కార్ల కంపెనీల ఊరు డెట్రాయిట్‌లో సామెతలా స్థిరపడింది. కాబట్టి పదేళ్ళ తర్వాత పనికొచ్చే ఆలోచనకి ఇవాళ జీతం ఇచ్చే యాజమాన్యం దొరకడమే ఆయన అదృష్టం. అందుకు బదులుగా పేటెంట్లు కంపెనీవి, కార్ల మీద పేరు కంపెనీది. ఆయన పేరు మీద 2,500కి పైగా పేటెంట్లు ఉన్నాయని కంపెనీ చెప్తుంది, ఎడిసన్ అమెరికా పేటెంట్లు 1,093 కాబట్టి ఎడిసన్‌ని మించిపోయాడని కూడా అంటుంటారు. నిజానికి ఆ అంకె చూసి ఆయన్ని మెచ్చుకోవడం కొంచెం చిన్నతనమే, వాటిలో ఎక్కువ భాగం ఎవరికీ గుర్తులేదు, 854157 ఒక్కటి ఉన్నా చాలు.

ఇంకో చోట కూడా ఆయన ప్రభావం కనపడుతుంది, యాక్సిడెంట్ జరగకుండా ఆపేవి ఒక వైపు, జరిగాక మనిషిని కాపాడేవి ఇంకో వైపు, అంటే యాక్టివ్ సేఫ్టీ, పాసివ్ సేఫ్టీ అని వేరు చేసి చూసే పద్ధతి 1960ల్లో డైమ్లర్-బెంజ్‌లో గట్టిపడింది, దాని వెనక కంపెనీ డెవలప్‌మెంట్ అధిపతి హాన్స్ షేరెన్‌బెర్గ్‌తో పాటు బారెన్యి కూడా ఉన్నాడు. బ్రేకులు, టైర్లు, హెడ్‌లైట్లు మొదటి దాంట్లోకి, బాడీ, బెల్ట్, స్టీరింగ్ రెండో దాంట్లోకి వస్తాయి. ఇప్పుడు ఏ కారు బ్రోషర్ తీసినా ఈ రెండు మాటలు ఉంటాయి.

1972లో రిటైరయ్యాడు, 1994లో అమెరికాలో ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు, 1997 మే 30న సిండెల్‌ఫింగెన్ పక్కనే ఉన్న బోబ్లింగెన్‌లో 90 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఆయన సూత్రం పూర్తయిపోయిన పాఠమేం కాదు, ఇంకా దిద్దుతూనే ఉన్నారు. 2012లో ఐఐహెచ్ఎస్ కారు ముందు భాగంలో పావు వంతు మాత్రమే తగిలేలా కొత్త పరీక్ష పెడితే మంచి పేరున్న లగ్జరీ కార్లు కూడా ఫెయిలయ్యాయి, ఎందుకంటే ఆ దెబ్బ రెండు రైల్స్‌కీ బయట నుంచి వెళ్ళి నేరుగా చక్రాన్ని, పిల్లర్‌ని తాకుతుంది, నలగాల్సిన ఉక్కు అక్కడే ఉంది కానీ దెబ్బ దారిలో లేదు. బరువు తేడా ఇంకో సమస్య, పెద్ద ఎస్‌యూవీ రైల్స్ చిన్న కారు రైల్స్ కంటే ఎత్తులో ఉంటే ఒకదాని నలిగే భాగం ఇంకోదాని నలిగే భాగాన్ని కలవదు, పైనుంచి ఎక్కేస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలో ముందు పెద్ద ఇంజిన్ ముద్ద లేకపోవడం నలగడానికి మంచి చోటిస్తుంది, కానీ ఫ్లోర్‌లో ఉన్న బ్యాటరీ అస్సలు నలగకూడదు, కాబట్టి కాపాడాల్సిన గది ఇప్పుడు కింద వరకు పెరిగింది.

ఇంత జరిగినా గట్టి కారే సేఫ్ అనే నమ్మకం పోలేదు, అది రెండు చోట్ల నష్టం చేస్తుంది. ఒకటి, కారు ముందు బిగించే ఇనుప బుల్ గార్డ్. అది నేరుగా ఆ రైల్స్‌కే బిగుస్తుంది కాబట్టి బంపర్, క్రాష్ బాక్స్ మెల్లగా తీసుకోవాల్సిన దెబ్బని పక్కదారి పట్టించి ఒక్కసారిగా వెనక్కి పంపిస్తుంది, ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయించే సెన్సర్ల లెక్కని కూడా తప్పిస్తుంది, ఎదురుగా నడిచి వెళ్ళే మనిషికి తగిలితే ఇంకా ఘోరం. రెండోది రిపేర్. ఒకసారి మడతపడ్డ రైల్‌ని వేడి చేసి, లాగి, సాగగొట్టి పైన పుట్టీ, పెయింట్ వేస్తే బయటికి కొత్తదానిలాగే కనపడుతుంది, కానీ వేడికి స్టీల్ గుణం మారిపోతుంది, వేసిన నొక్కులు పోతాయి, అతుకు పడ్డ చోట మడత రాదు. రెండోసారి గుద్దినప్పుడు ఆ రైల్ ఏ స్పీడ్‌లో ఎక్కడ వంగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ముందు రైల్స్ దెబ్బతిన్న కారుకి కంపెనీ రిపేర్ మాన్యువల్ చెప్పిన చోట కోసి కొత్త ముక్క వెయ్యాలి, అది కుదరకపోతే ఆ కారుని తుక్కు కింద రాసేస్తారు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు బానెట్ ఎత్తి పెయింట్ మెరుపు కాకుండా ఆ రైల్స్ మీద అతుకులు, రెండు పక్కలా తేడాగా ఉన్న నొక్కులు, కొత్తగా కొట్టిన నల్ల పెయింట్ వెతకాల్సింది ఇందుకే.